అవధూత చూపు, మార్కాపురం పలక

శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో శ్రీకృష్ణ భగవానుడు ఉద్ధవునకు ఒక పురాతన వృత్తాంతాన్ని వినిపిస్తాడు. చింత లేకుండా సంచరిస్తున్న ఒక అవధూతను చూచి యదుమహారాజు, ఈ ఆనందం మీకు ఎక్కడనుండి కలిగినదని ప్రశ్నించినాడు. తనకు 24 మంది గురువులున్నారని అవధూత సమాధానమిచ్చినాడు. ఆ గురువులలో మఠాధిపతి గాని, మంత్రోపదేశం చేసిన ఆచార్యుడు గాని కనిపించడు. భూమి, గాలి, తేనెటీగ, సాలెపురుగు, బాణాలు చేసే పనివాడు, వడ్లు దంచే ఒక కన్యక. పోతన భాగవతంలో ఈ స్కంధాన్ని తెనిగించినవాడు వెలిగందల నారయ.

వడ్లు దంచే కన్యక కథ మనకు తెలిసినదే. ఇంటివారెవరూ లేని వేళ పిల్లను చూడవచ్చినవారికి అన్నం వండిపెట్టడానికి ఆమె లోపల వడ్లు దంచుతున్నది. గాజులు గలగలమన్నవి. సిగ్గుపడి ఒక్కొక్కటిగా తీసివేసి, చేతికి ఒక్కటే ఉంచుకొన్నది. ఏకాంతం మేలని అవధూత దీనివలన గ్రహించినాడు. ప్రవచనాలు సాధారణంగా అక్కడితో ఆగిపోతవి. నాకు మాత్రం ఆ సిగ్గు దగ్గర కొంతసేపు నిలబడాలనిపిస్తుంది. ఇంటి లేమి వచ్చినవారి చెవిన పడకూడదు, వారు ఆకలితో వెళ్ళనూ కూడదు. ఈ రెండింటి నడుమ ఆ పిల్ల చేయి ఆడుతున్నది. అంతటి జ్ఞాని చూపు ఆ చేతిమీద నిలిచినది.

అవధూత మన పశ్చిమ ప్రకాశానికి వచ్చి ఉంటే, పలకల గని ఒడ్డున తప్పక ఆగి ఉండేవాడు. మార్కాపురం పలకమీద ఓనమాలు దిద్దిన తరాలెన్నో. ఆ పలక ఒకప్పుడు బురద. వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం నీటి అడుగున పేరుకొన్న సన్నని మట్టి, భూగర్భపు ఒత్తిడికీ వేడిమికీ రాయిగా మారినది. ఆ ఒత్తిడికి లోపలి రేణువులన్నీ ఒకే దిశగా సర్దుకొన్నవి. అందువలననే ఉలి అంచు సరియైన చోట ఆనించి మెల్లగా కొడితే బండ గ్రంథంలోని పుటల వలె విడిపోతుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ శిలల వరుసను మన కంభం పేరుతోనే పిలుస్తారు. చెరువు వలన పేరుగన్న ఊరికి ఇంకొక కీర్తి ఇది, మనలో చాలామందికి తెలియనిది.

రాయిని చీల్చే మనిషిని చూచినవారికి భాగవతంలోని బాణకారుడు గుర్తుకు రాకమానడు. ప్రక్కనుండి రాజు మేళతాళాలతో వెళ్ళినా ఆ బాణకారుడు ఎరుగడు. ఇక్కడా అంతే. ఉలి వెంట్రుకవాసి తప్పితే బండ అడ్డంగా పగులుతుంది, ఆ పూట కష్టం రాళ్ళకుప్పలో కలుస్తుంది.

అయితే ఆశ్చర్యంతో ఆగిపోయే చూపు సగం చూపే. కోతలో లేచే ధూళి పనివాని ఊపిరిలోనికే పోతుంది. ఒకనాడు ఈ పనిలో బాలబాలికలూ ఉండేవారు. ఇతరుల పిల్లలు అక్షరం దిద్దే పలకను, అక్షరం దిద్దవలసిన వయసులో తాము తయారు చేసినారు. గాజుల చప్పుడులో లేమిని విన్న సంప్రదాయం మనది, ఈ చప్పుడును వినకపోవడం తగదు.

చెన్నకేశవస్వామి దర్శనానికి వరుసలో నిలుచున్న వేళ అప్పుడప్పుడు నాకు ఇవన్నీ మనసులో మెదలుతవి. మా ఇంటి అటుకమీద చట్రం ఊడిన పలక ఒకటున్నది. దానిమీద మా నాయనమ్మ పాలలెక్క వ్రాసుకొనేది. ఆమెకు అంకెలు మాత్రమే వచ్చు. మా అక్షరాభ్యాసంనాడు బియ్యపు పళ్ళెంలో మా వేలు పట్టి దిద్దించిన పురోహితుని ప్రక్కన కూర్చొని, ఆ మూడు అక్షరాలనూ తన వేలితో గాలిలో తానూ దిద్దుకొన్నదట. ఆ పలక అంచున బొటనవేలు పెట్టి రాస్తే పొరలు ఇప్పటికీ తగులుతవి.