ఆఫీసు మారినా అర్జీ తప్పిపోకూడదు

అమ్మాయీ,

మీ ఆఫీసును అద్దె ఇంట్లోంచి కొత్త భవనంలోకి మార్చే పని నీకే అప్పగించారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. బీరువాలు, ఫ్యాన్ల సంగతి కూలీలు చూసుకుంటారు. నువ్వు చూసుకోవలసింది రికార్డు.

ముందు పాత నంబర్ల సంగతి. మన పార్వతీపురం ఉన్నచోటే ఉంది గానీ, దాని కలెక్టరాఫీసు మారుతూనే వచ్చింది. 1950 ఆగస్టు దాకా విశాఖపట్నం, తర్వాత శ్రీకాకుళం, 1979 జూన్ నుంచి విజయనగరం. 2022 ఏప్రిల్ 4న మన ఊరే జిల్లా కేంద్రమైంది, పాలకొండ వైపు మండలాలు శ్రీకాకుళం నుంచి వచ్చి కలిశాయి. అందుకే కురుపాం మనిషి 1975 నాటి కాగితం తెస్తే దాని మీది ఫైలు నంబరు శ్రీకాకుళానిది. 1990 నాటిదైతే విజయనగరానిది. భామిని మనిషిది 2020 నాటిదైనా శ్రీకాకుళానిదే.

కొత్త రిజిస్టరు రాయించేటప్పుడు పాత నంబరుకు, పాత జిల్లాకు చెరో గడి పెట్టించు. అవి లేకపోతే బీరువాలో ఉన్న ఫైలు కూడా ‘దొరకలేదు’ అనిపించుకుంటుంది. గిరిజన భూములను కాపాడే 1/70 చట్టం కింద భూమి కోసం తిరుగుతున్న గిరిజనుడికి ఆ ఒక్క మాటతో ఏళ్లు గడిచిపోతాయి.

కట్టలు కట్టకముందే జాబితా తయారు కావాలి. ముగిసిన ఫైళ్లలో ఆర్.డిస్.లు ఎప్పటికీ ఉంచాల్సినవి. గడువు తీరిన ఎల్.డిస్.ల వంటివి కొత్త భవనానికి మోయకు, అలాగని ఉత్తర్వు లేకుండా ఒక్క కాగితమూ చింపనివ్వకు. సామాన్లు సర్దే హడావుడిలోనే కావాల్సినవి చెత్తలో పడతాయి. పొలాల కొలతల పటాలుండే ఎఫ్‌ఎంబీలను మడత పెట్టనివ్వకు. పాత కాగితం మడత దగ్గరే చిరుగుతుంది, అక్కడ గీత పోతే పొలం గట్టు తగాదాలో పడ్డట్టే. ఆఫీసు మారే వారంలో కోర్టు వాయిదా ఉన్న ఫైళ్లు లారీ ఎక్కకూడదు, గుమాస్తా చేతిమీదుగా వెళ్లాలి. ఎండగా ఉన్నా టార్పాలిన్ ఉండాల్సిందే. మన కొండల వాన చెప్పి రాదు.

సోమవారం అర్జీల రోజు కాబట్టి శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారానికి ముగించు. తపాలా రిజిస్టరు పాత ఆఫీసులోంచి ఆఖరున బయల్దేరాలి, కొత్త ఆఫీసులో మొదట తెరుచుకోవాలి. మిగతా కట్టలు విప్పడం నాలుగు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు, సోమవారం పొద్దున్న అర్జీ పుచ్చుకుని రసీదు ఇచ్చే మనిషి మాత్రం బల్ల దగ్గర ఉండాలి.

పాత గుమ్మానికి ఫ్లెక్సీ కట్టి ఊరుకోవద్దు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం సంతల్లో చాటింపు వేయించు, గ్రామ సచివాలయాలకు కబురు పంపు. ఓ నెలపాటు పాత ఆఫీసు దగ్గర సవర మాట తెలిసిన మనిషిని కూర్చోబెట్టు. కొండ దిగి, బస్సెక్కి వచ్చిన ముసలమ్మకు తాళం కప్ప కనబడితే చార్జీలతో పాటు ఆ రోజు కూలీ కూడా పోయినట్టే.

చివరగా ఒకటి. జాబితా రెండు ప్రతులు తీయించు. ఒకటి లారీతో వెళ్లాలి, ఒకటి నీ దగ్గరుండాలి. ఎక్కించినవాళ్లు, దించుకున్నవాళ్లు రెండింటిమీదా సంతకాలు పెట్టాక, కట్టల లెక్క సరిపోయాకే లారీ బిల్లు పాస్ చెయ్యి. ఆఫీసరు తొందరపెట్టినా సరే.


పెదనాన్న