దేవుని పేరిట వ్రాయబడిన తీర్పు

వర్ణభేదమును పూర్వకాలపు కథయని తలంపకుడి. దాని ననుభవించినవారు అమెరికాలో నేటికిని అనేకులు సజీవులై యున్నారు.

వర్జీనియా రాష్ట్రములో తెల్లవారు ఇతర జాతులవారిని వివాహమాడుటను 1924వ సంవత్సరపు చట్టము నిషేధించెను. ఆ రాష్ట్రీయులైన రిచర్డ్ లవింగ్ అను తెల్లజాతి తాపీపనివాడును, మిల్డ్రెడ్ జీటర్ అను నల్లజాతి యువతియు 1958 జూనులో, అట్టి నిషేధము లేని వాషింగ్టన్ నగరమునకు పోయి పెండ్లాడిరి. స్వగ్రామము చేరిన కొన్ని వారములకే, రాత్రివేళ షెరీఫు, అనగా అచ్చటి పోలీసు అధికారి, పడకగదిలో ప్రవేశించి వారిని పట్టుకొనెను. గోడనున్న వివాహపత్రము చూపగా, అది యిచ్చట చెల్లదనెను. 1959లో వారికి ఒక యేడు చెరసాల విధింపబడెను. 25 ఏండ్లు ఇరువురును కలిసి రాష్ట్రమునకు రాకుండినయెడల ఆ శిక్ష అమలుకాదు.

1963లో మిల్డ్రెడ్ న్యాయశాఖాధిపతియైన రాబర్ట్ కెనడీకి ఉత్తరము వ్రాసెను. దానివలన వ్యాజ్యము తిరిగి లేచెను. అయితే ఆ న్యాయాధిపతి 1965లో తన తీర్పును మార్చ నిరాకరించి, దేవుడు జాతులను వేర్వేరు ఖండములలో ఉంచెను గనుక అవి కలియుట ఆయన సంకల్పము కాదని వ్రాసెను!

ఇది వేదవాక్యము కాదు. సంఖ్యాకాండము 12వ అధ్యాయము చదువుడి. మోషే కూషుదేశపు స్త్రీని పెండ్లాడినందుకు మిర్యామును అహరోనును అతనికి విరోధముగా మాటలాడిరి. కూషు ఐగుప్తునకు దక్షిణముననున్న నల్లవారి దేశము. కుష్ఠము కలిగినది ఆ స్త్రీకి కాదు, మిర్యామునకే.

1967 జూన్ 12న సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా ఆ చట్టమును కొట్టివేసెను. అప్పటికి 16 రాష్ట్రములలో అట్టివి యుండెను. అలబామా రాజ్యాంగమందలి నిషేధవాక్యము మాత్రము, చెల్లనిదైనను, 2000 వరకు తొలగింపబడలేదు. ఆ యేట వోట్లు తీసికొనినప్పుడు నూటికి సుమారు 40 మంది దానిని ఉంచుమనిరి.