దొడ్డిదారి మూసేశారు, వీధి గుమ్మంలోంచి రండి

కవితలు, కథలు వచ్చే మన పత్రికలో ఈ కుకీల గోలేంటి అనుకోకండి. ఇదీ ఒక కథే. కాకపోతే ఇందులో తప్పు చేసినవాణ్ణి నేనే.

పోయిన ఏడాది ఫెస్ట్‌కి వెబ్‌సైట్ల పని నా నెత్తిన పడింది. లాగిన్‌కి ఒక సైట్, రిజిస్ట్రేషన్‌కి ఒకటి, తెలుగు క్విజ్‌కి ఇంకొకటి. ఒక్కోటి ఒక్కో బ్యాచ్ మొదలుపెట్టింది కాబట్టి మూడింటికీ మూడు వేరే డొమైన్లు. మూడుసార్లు పాస్‌వర్డ్ కొట్టించడం ఎందుకని సింగిల్ సైన్-ఆన్ పెట్టాను. అంటే ఒకచోట లాగిన్ అయితే చాలు, మిగతా రెండూ మిమ్మల్ని గుర్తుపట్టాలి. నా ల్యాప్‌టాప్‌లో, క్రోమ్‌లో చక్కగా పనిచేసింది. అయిపోయిందనుకున్నాను.

క్విజ్ ప్రిలిమ్స్ సాయంత్రం 7 గంటలకి. 7 దాటి ఐదు నిమిషాలు కాకముందే ఒక ఫస్టియర్ అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, ఎన్నిసార్లు లాగిన్ అయినా మళ్లీ లాగిన్ పేజీకే తెస్తోంది." వాళ్ల అక్క ఐఫోన్ తీసుకుని రాస్తోంది. "సఫారీ వద్దమ్మా, క్రోమ్‌లో తెరువు" అన్నాను. తెరిచింది. అదే వరస. ఇలా కిందామీదా పడుతుండగానే 20 నిమిషాల క్విజ్ అయిపోయింది. "నా ఫోన్‌దే తప్పా అన్నా?" అని అడిగింది. అవునన్నాను.

కాదని తెలియడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో నేర్చుకున్నదే ఈ పాఠం.

చేతిమీద ముద్ర

హెచ్‌టీటీపీకి మతిమరుపు ఎక్కువ. ఇప్పుడే పేజీ అడిగినవాణ్ణి మరుక్షణం మర్చిపోతుంది. అందుకే 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసే లూ మోంటుల్లి కుకీ అనే ఉపాయం తెచ్చాడు. ఎగ్జిబిషన్‌లో బయటికెళ్లి మళ్లీ లోపలికి రావాలంటే చేతిమీద ముద్ర వేస్తారు చూడండి, అలాంటిదే. సైట్ ఒక ముద్ర వేస్తుంది. తర్వాత ఆ సైట్‌కి వెళ్లిన ప్రతిసారీ బ్రౌజర్ ఆ ముద్ర చూపిస్తుంది. వేసినవాళ్లకే చూపిస్తుంది, వేరేవాళ్లకి కాదు.

ఇక్కడే చిన్న మెలిక ఉంది. మీరు ఒక పేజీ తెరిస్తే అందులో ఉన్నదంతా ఆ సైట్‌దే కాదు. బొమ్మ ఒకచోట నుంచి, ప్రకటన ఇంకోచోట నుంచి, ఐఫ్రేమ్ మరోచోట నుంచి వస్తాయి. వాటిని అడిగినప్పుడు ఆయా సైట్ల ముద్రలు కూడా వెళ్లేవి. అడ్రస్ బార్‌లో లేని సైట్ తాలూకు ఇలాంటి కుకీనే థర్డ్ పార్టీ కుకీ అంటాం.

నేను తవ్విన దొడ్డిదారి

క్విజ్ పేజీలో కంటికి కనపడని ఒక ఐఫ్రేమ్ పెట్టాను. దాంట్లో లాగిన్ సైట్ తెరుచుకుంటుంది. దాని కుకీ దానికి అందుతుంది. "ఈ మనిషి నాకు తెలుసు, ఫలానా" అని క్విజ్ పేజీకి చెబుతుంది. చూసేవాళ్లకి ఏమీ కనపడదు. ఇది నేను కనిపెట్టిందేం కాదు. ఓపెన్ ఐడీ కనెక్ట్‌లో ప్రాంప్ట్ విలువ నన్ అని పంపి చాలామంది ఇలాగే చేసేవారు. నేను మాత్రం నా తెలివికి తెగ మురిసిపోయాను.

ఇప్పుడు ఇదే పనిని ప్రకటనల కంపెనీ వైపు నుంచి చూడండి. వేల సైట్లలో కనపడని ముక్క ఒకటి పెడుతుంది. ప్రతిచోటా దాని కుకీ దానికి అందుతుంది. మీరు పొద్దున ఏ వార్త చదివారో, రాత్రి ఏ జబ్బు గురించి వెతికారో వరసగా గుచ్చి దండ కట్టేస్తుంది. నా ఐఫ్రేమ్‌కీ దాని ఐఫ్రేమ్‌కీ బ్రౌజర్ కంటికి తేడా ఏముంది? ఏమీ లేదు. నా ఉద్దేశం మంచిదని బ్రౌజర్‌కి ఎలా తెలుస్తుంది?

అందుకే ఆ దారే మూసేశారు. సఫారీ 2020 మార్చిలో థర్డ్ పార్టీ కుకీలన్నిటినీ ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022లో ఒక్కో సైట్‌కి ఒక్కో డబ్బా పెట్టింది. క్విజ్ పేజీలో తెరుచుకున్న లాగిన్ సైట్‌కి క్విజ్ డబ్బాలోని కుకీలే దొరుకుతాయి, తన సొంత డబ్బా దొరకదు. క్రోమ్ కూడా 2020లోనే ఆపేస్తామంది. 2024 జనవరిలో 1 శాతం మందికి ఆపి చూసింది, అదే ఏడాది జూలైలో వెనక్కి తగ్గింది. 2025 ఏప్రిల్‌లో ఇక దీనికోసం వేరే ప్రశ్న కూడా అడగబోమని చెప్పింది.

అంటే మామూలు క్రోమ్ విండోలో ఆ దారి ఇంకా తెరిచే ఉంది. నన్ను ముంచింది అదే. పైగా ఐఫోన్‌లో వేసుకునే క్రోమ్‌కి లోపలున్న ఇంజిన్ సఫారీదే, అంటే వెబ్‌కిట్. ఆ అమ్మాయికి నేనిచ్చిన సలహా దేనికీ పనికిరానిది. ఆ ఫోన్‌లో జరిగింది ఇదీ: ఐఫ్రేమ్‌కి కుకీ అందలేదు, "లాగిన్ కాలేదు" అని జవాబొచ్చింది, నా కోడ్ ఆమెని లాగిన్ పేజీకి తోలింది, అక్కణ్ణుంచి క్విజ్‌కి పంపింది, అక్కడ మళ్లీ ఐఫ్రేమ్. గానుగెద్దు తిరిగినట్టు తిరిగింది పాపం.

నా అడ్డదారి

రాత్రి రెండింటికి ఒక ఐడియా వచ్చింది. కుకీ వద్దు, టోకెన్‌ని లింక్‌లోనే పెట్టి పంపేద్దాం! పెట్టాను, పనిచేసింది. ఆ సంతోషంలో లింక్ కాపీ చేసి టీమ్ గ్రూప్‌లో పడేశాను. నిమిషంలో మావాడి మెసేజ్: "ఒరేయ్, నేను నీ పేరుతో లోపలికొచ్చేశా." లింక్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే నేను! అది బ్రౌజర్ హిస్టరీలోనూ, సర్వర్ లాగ్స్‌లోనూ కూడా పడి ఉంటుంది. వెంటనే తీసేశాను.

వీధి గుమ్మం దారి

సరైన పద్ధతి పాతదే. ఓఆత్ 2.0లో 2012 నుంచీ ఉంది. నేనే దాన్ని దాటేసి దొడ్డిదారి పట్టాను. వరసగా చూద్దాం.

1. క్విజ్ సైట్ ఒక రహస్య పదాన్ని తయారుచేసి దాచుకుంటుంది. దాని హ్యాష్ మాత్రమే పట్టుకుని, మొత్తం పేజీనే లాగిన్ సైట్‌కి మళ్లిస్తుంది. అడ్రస్ బార్ మారడం మీకు కనపడుతుంది.

2. ఇప్పుడు అడ్రస్ బార్‌లో ఉన్నది లాగిన్ సైటే. కాబట్టి దాని కుకీ సొంత ఇంటి కుకీ, ఎవరూ ఆపరు. మీరు ముందే లాగిన్ అయి ఉంటే పాస్‌వర్డ్ అడగదు.

3. లాగిన్ సైట్ ఒక కోడ్ ఇచ్చి మిమ్మల్ని వెనక్కి పంపుతుంది. ఒక్కసారికే చెల్లే కోడ్ అది. పది నిమిషాలకు మించి బతకకూడదని ప్రమాణంలోనే సూచించారు.

4. క్విజ్ సర్వర్ ఆ కోడ్‌నీ, దాచుకున్న రహస్య పదాన్నీ నేరుగా లాగిన్ సర్వర్‌కి ఇచ్చి టోకెన్ తీసుకుంటుంది. ఈ రహస్య పదం ఏర్పాటునే పిక్సీ అంటారు. కోడ్ ఎవరైనా కొట్టేసినా రహస్య పదం లేకుండా పనికిరాదు. లింక్‌లో టోకెన్ పెట్టడానికీ కోడ్ పెట్టడానికీ తేడా ఇదే.

5. క్విజ్ సైట్ తన సొంత కుకీ వేస్తుంది. ఇక లాగిన్ సైట్‌తో పనిలేదు.

ఇంకో లాభం కూడా ఉంది. ఐఫ్రేమ్‌లోకి కుకీ వెళ్లాలని నేను సేమ్‌సైట్ విలువ నన్ అని పెట్టాను. ఈ పద్ధతికి లాక్స్ చాలు, ఎందుకంటే అడ్రస్ బార్ మారే ప్రయాణంలో లాక్స్ కుకీ వెళ్తుంది.

మూడు సైట్లూ ఒకే డొమైన్ కింద సబ్‌డొమైన్లుగా పెడితే కూడా చాలా బాధ తప్పుతుంది, అవి బ్రౌజర్‌కి ఒకే సైట్. కానీ ఒక జాగ్రత్త. గిట్‌హబ్.ఐఓ లాంటి ఉచిత చిరునామాల కింద ఇద్దరు వేరువేరుగా పెట్టిన ప్రాజెక్టులు ఒకే ఇల్లులా కనపడినా, బ్రౌజర్‌కి అవి వేరు వేరు ఇళ్లు. పబ్లిక్ సఫిక్స్ లిస్ట్ అని ఒక జాబితా ఉంది, అందులో ఉన్న పేర్లకి ఈ రూల్. లేకపోతే మీ ప్రాజెక్ట్ కుకీ పక్కవాడి ప్రాజెక్ట్‌కి కూడా వెళ్లే వీలుండేది.

పోయినవి, వచ్చినవి

లాగౌట్ కూడా చూసుకోండి. ఒకచోట లాగౌట్ అయితే ఐఫ్రేమ్‌ల ద్వారా మిగతా సైట్లకి చెప్పే పద్ధతి ఇప్పుడు నమ్మదగింది కాదు. ల్యాబ్‌లో పదిమంది వాడే సిస్టమ్‌లో ఇది చిన్న విషయం కాదు. సర్వర్ నుంచి సర్వర్‌కి నేరుగా కబురు పంపే బ్యాక్-ఛానల్ లాగౌట్ పెట్టండి.

ఐఫ్రేమ్ తప్పనిసరి అయితే స్టోరేజ్ యాక్సెస్ ఏపీఐ ఉంది, అది వాడేవాళ్ల అనుమతి అడుగుతుంది. క్రోమ్‌లో 2022 నుంచి ఫెడ్‌సీఎం వచ్చింది, అందులో "ఈ అకౌంట్‌తో లోపలికి వెళ్తారా?" అని బ్రౌజరే అడుగుతుంది. ఇది అన్ని బ్రౌజర్లలోనూ లేదు. రెండిట్లోనూ సంగతి ఒక్కటే: వాడే మనిషికి తెలిసే జరగాలి.

చివరగా ఒక హోమ్‌వర్క్. మీ ప్రాజెక్ట్‌ని క్రోమ్ ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి, అందులో థర్డ్ పార్టీ కుకీలు మామూలుగానే ఆగిపోయి ఉంటాయి. రెండు నిమిషాల పని. నేను ఆ రెండు నిమిషాలు పెట్టి ఉంటే ఒక అమ్మాయి క్విజ్ రాసేది.

ఆమెకి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. "మరి నా క్విజ్ అన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఈసారి ప్రిలిమ్స్‌కి వారం ముందే అందరికీ ఒక డమ్మీ క్విజ్ పెడుతున్నాం. మొదటి టెస్ట్ ఐఫోన్‌లోనే, కుదిరితే వాళ్ల అక్క ఫోన్‌లోనే.