మందు డబ్బా మీద రంగు, ట్యాంకరు మీద అంకె: తరచూ అడిగే ప్రశ్నలు

ఆలేరు చుట్టుపక్కల ఊళ్లకు ప్రమాదకర రసాయనాలు చాలా దారుల్లో వస్తాయి. పత్తి, వరి చేలకు పురుగుమందుగా వస్తాయి. మగ్గాలున్న ఊళ్లలో రంగుల షెడ్డుకు కాస్టిక్ సోడా, హైడ్రోస్‌గా వస్తాయి. హైదరాబాద్-వరంగల్ జాతీయ రహదారి మీద ట్యాంకర్లలో ఊరి పక్కనుంచే పోతాయి. ఒక్కోదానికి ఒక్కో చట్టం, ఒక్కో రకం గుర్తు. అందుకే జనానికి ఇన్ని సందేహాలు.

పురుగుమందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు దేనికి?

1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం, దాని కింద 1971లో వచ్చిన నియమాలు పెట్టిన గుర్తులవి. మూలమీద నిలబెట్టిన చతురస్రంలో కింది సగానికి రంగు, పై సగంలో హెచ్చరిక ఉంటాయి. ఎరుపంటే అతి తీవ్రమైన విషం, దానిమీద పుర్రె బొమ్మ తప్పనిసరి. పసుపు దాని తర్వాతి మెట్టు, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. ఈ చతురస్రం లేబుల్‌లో పదహారో వంతుకు తగ్గకూడదు.

రంగును తేల్చేది ఎలుకల మీద చేసిన పరీక్ష. కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు మింగిస్తే సగం ఎలుకలు చస్తాయో చూస్తారు. 50 లోపైతే ఎరుపు, 500 దాకా పసుపు, 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. చర్మం ద్వారా ఎక్కే విషానికి వేరే లెక్క ఉంది.

అయితే ఆకుపచ్చ డబ్బాకు భయపడక్కర్లేదా?

భయపడాలి. ఆ రంగు చెప్పేది ఒక్కసారిగా ఒంట్లోకి పోతే ఏమవుతుందన్న సంగతే. ఏళ్ల తరబడి పిచికారీ చేస్తే ఏమవుతుందో, కంట్లో పడితే చూపు పోతుందో లేదో, చెరువులో కలిస్తే చేపలు బతుకుతాయో లేదో రంగు చెప్పదు. పారాక్వాట్ గడ్డిమందునే చూడండి. దానికి ఇక్కడ ఎరుపు కాదు, పసుపు త్రికోణం. కానీ దానికి విరుగుడు మందే లేదు. కొద్దిగా మింగినా ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని మనిషి దక్కడం కష్టం. అందుకే రంగు చూసి ఆగిపోకుండా లోపలి కరపత్రంలో విరుగుడు గురించి ఏం రాశారో కూడా చూడాలి. అది లేబుల్ మీదా కరపత్రంలోనూ ఉండాలని నియమం.

‘సురక్షితం’, ‘విషరహితం’, ‘హానిచేయనిది’ లాంటి మాటలు పురుగుమందు లేబుల్ మీద అచ్చువేయడమే నిషిద్ధం. ‘చెప్పినట్టు వాడితే’ అని ముందు తగిలించినా ఒప్పుకోరు. డబ్బా మీద అలాంటి మాట కనిపిస్తే అది ఫిర్యాదు చేయదగ్గ తప్పే.

ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి ఉందంటారు, అదేమిటి?

దాన్ని పొట్టిగా జీహెచ్‌ఎస్ అంటారు. రసాయనాల వర్గీకరణకు, లేబుళ్లకు ఐక్యరాజ్యసమితి తెచ్చిన ఉమ్మడి పద్ధతి. 1992లో రియో ధరిత్రీ సదస్సులో దీనికి బీజం పడింది. మొదటి ప్రతి 2003లో వచ్చింది, రెండేళ్లకోసారి సవరిస్తున్నారు. అందులో ఎర్ర అంచు వజ్రాకారంలో తొమ్మిది బొమ్మలుంటాయి. మంట, పేలే బాంబు, పుర్రె, చేతినీ లోహాన్నీ తినేస్తున్న ద్రవం, ఛాతీలో నక్షత్రం పడిన మనిషి, ఎండిన చెట్టుతో చచ్చిన చేప, ఇంకా మూడు. ఛాతీలో నక్షత్రం అంటే క్యాన్సర్ లాంటి దీర్ఘకాలిక ముప్పు. మన త్రికోణం చెప్పనిది ఈ బొమ్మే చెబుతుంది.

ఈ పద్ధతి ఏ రసాయనాన్నీ నిషేధించదు. ఏ దేశమైనా తన చట్టంలోకి తెచ్చుకుంటేనే అమలవుతుంది. మన దేశంలో అన్ని రసాయనాలకూ దీన్ని తప్పనిసరి చేసే చట్టం లేదు. కొత్త నియమాల ముసాయిదా ఏళ్లుగా నలుగుతూనే ఉంది. భోపాల్ పురుగుమందుల కర్మాగారం 1984లో అంతమందిని బలితీసుకున్న దేశంలో ఇంత ఆలస్యాన్ని సమర్థించుకోవడం కష్టం. ఎగుమతి, దిగుమతి సరుకు మీద మాత్రం ఈ వజ్రాలు మనకూ కనిపిస్తాయి.

రెండు కొలతలూ ఒకటి కావన్నది గుర్తుంచుకోవాలి. ప్రాణాంతక మోతాదు 400 మిల్లీగ్రాములున్న మందుకు ఇక్కడ పసుపు రంగు, ‘విషం’ అన్న మాట పడతాయి. అంతర్జాతీయ పద్ధతిలో అది నాలుగో వర్గం, ఆశ్చర్యార్థకం బొమ్మతో సరి. మనది ప్రతిచోటా వదులైన పద్ధతని అనుకోనక్కర్లేదు. తేడా ఎక్కడంటే, మనం ఒక్క ముప్పునే కొలుస్తున్నాం.

లేబుల్ మీద తెలుగు లేదు. అడిగే హక్కు ఉందా?

ఉంది. లేబుల్, కరపత్రం హిందీ, ఇంగ్లిష్‌తో పాటు ఆ మందు అమ్మే ప్రాంతంలో వాడే ఒకటి రెండు భాషల్లోనూ ఉండాలి. ఆలేరులో అమ్మే డబ్బాకు తెలుగు కరపత్రం ఇవ్వడం దుకాణదారు చేసే మేలేమీ కాదు. కంటికి ఆననంత సన్న అక్షరాల సంగతి వేరే పంచాయితీ. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఫోన్‌లో ఫొటో తీయించి పెద్దది చేసి చదివించుకోండి.

మాకు కావలసింది పావు లీటరే. షాపాయన పెద్ద డబ్బాలోంచి సీసాలో పోసిస్తానంటాడు. తీసుకోవచ్చా?

వద్దు. ప్యాకింగ్, లేబుల్ లేకుండా పురుగుమందు అమ్మడం నేరం. మొదటిసారి పట్టుబడితే రెండేళ్ల దాకా జైలు, 10 వేల నుంచి 50 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయినా చిన్న రైతుకు అక్కరకొచ్చే పరిమాణంలో డబ్బా దొరకనప్పుడు విడి అమ్మకం సాగుతూనే ఉంటుంది. త్రికోణం, విరుగుడు, గడువు తేదీ, కంపెనీ పేరు అన్నీ పెద్ద డబ్బాతో పాటు షాపులోనే ఉండిపోతాయి. మీ చేతికి వచ్చేది రంగునీళ్ల సీసా. అది కూల్‌డ్రింక్ సీసా అయి, ఇంట్లో పిల్లలుంటే ఇక చెప్పేదేముంది. నా లెక్కలో ఈ ప్రశ్నలన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే. చట్టం ఎంత గట్టిదైనా, దాని పట్టు మూత తీసేదాకానే.

చేను గట్టు మీద డ్రమ్ములో రెండు మూడు మందులు కలిపి కొట్టేటప్పుడూ అంతే. ఆ మిశ్రమానికి ఏ లేబులూ లేదు, ఏ పరీక్షా జరగలేదు. 2017లో మన పొరుగున మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. ఇలా కలిపి కొట్టడం, ముఖానికీ చేతులకూ రక్షణ లేకపోవడం ఆ మరణాల వెనకున్న కారణాల్లో ఉన్నాయి. ఏవి కలపొచ్చో మండల వ్యవసాయ అధికారిని గానీ కిసాన్ కాల్ సెంటర్‌ను (1800 180 1551) గానీ అడగండి.

మాది చిటికి కట్టి రంగులద్దే పని. కాస్టిక్, హైడ్రోస్ కిలోల లెక్కన పాలిథిన్ కవర్లో వస్తాయి. వాటికి గుర్తులు లేవా?

అసలు బస్తాకు ఉంటాయి. కాస్టిక్ బస్తా మీద చేతినీ లోహాన్నీ తినేసే బొమ్మ, 1823 అంకె కనిపిస్తాయి. హైడ్రోస్ డ్రమ్ము మీద 1384 అంకె, తనంతట తానే అంటుకునే పదార్థమని సూచించే మంట బొమ్మ ఉంటాయి. కవర్లోకి మారేసరికి రెండూ తెల్లపొడులే.

తేడా తెలియకపోతే ఏమవుతుందంటే, కొద్దిపాటి తడి తగిలినా హైడ్రోస్ వేడెక్కి అంటుకోగలదు. యాసిడ్ తగిలితే ఘాటైన గంధక వాయువు వదులుతుంది. కాస్టిక్ చర్మాన్ని, కళ్లను కాల్చేస్తుంది. కలిపేటప్పుడు ఎప్పుడూ నీళ్లలో కాస్టిక్ కొద్దికొద్దిగా వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. కంట్లో పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లు పోసి ఆసుపత్రికి పోవాలి.

1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాలు డబ్బాల మీద వివరాలు, భద్రతా సమాచార పత్రం ఉండాలంటాయి. కానీ అవి పరిశ్రమలను దృష్టిలో పెట్టుకుని రాసినవి, ఇంటి షెడ్డు వాటి ఊహలో లేదు. కాబట్టి సొసైటీ గానీ మాస్టర్ వీవర్ గానీ బస్తా కొన్నప్పుడే ఆ పత్రం అడిగి తీసుకోవాలి. జీహెచ్‌ఎస్ పద్ధతిలో రాసిన పత్రానికి పదహారు భాగాలుంటాయి. అందులో ప్రథమ చికిత్స, మంటలు, నిల్వ గురించిన భాగాలు తెలుగులో రాయించి షెడ్డు గోడకు అంటిస్తే చాలు. కవరును మూత బిగిసే డబ్బాలోకి మార్చి, పేరు పెద్దగా రాసి, పొడిచోట పెట్టండి.

కంపెనీలో పనిచేసే కార్మికుడు ఆ పత్రం అడగొచ్చా?

అడగొచ్చు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ప్రకారం పనిలో ఉన్న ముప్పుల సమాచారం యజమాని నుంచి పొందడం కార్మికుడి హక్కు. ప్రాణాపాయం దగ్గర్లో ఉందనిపిస్తే యాజమాన్యానికి, దానితో పాటే ఇన్‌స్పెక్టర్‌కు చెప్పే హక్కూ ఉంది. 2025 ఏప్రిల్‌లో మోటకొండూరు మండలం కాటేపల్లిలోని పేలుడు పదార్థాల కర్మాగారంలో కార్మికులు చనిపోయిన సంగతి ఈ ప్రాంతం మరిచిపోలేదు. అలాంటి చోట పనికి పోయేవాళ్లు ఈ హక్కును ఎంత తరచుగా వాడుకుంటే అంత మంచిది.

ట్యాంకరు వెనక నాలుగంకెలు దేనికి?

లోపల ఏముందో చెప్పడానికి. పెట్రోలుకు 1203, వంటగ్యాసుకు 1075, అమ్మోనియాకు 1005, క్లోరిన్‌కు 1017. పలకమీద రసాయనం పేరు, అత్యవసర ఫోన్ నంబరు కూడా ఉండాలి. బోల్తా పడిన ట్యాంకరు కనబడితే బకెట్లు పట్టుకుని దగ్గరికి పోవద్దు. గాలి వచ్చే వైపుకు తప్పుకుని, దూరం నుంచే ఆ అంకె చూసి 112కు చెప్పండి. వచ్చే సిబ్బందికి అన్నిటికంటే పనికొచ్చే సమాచారం అదే.

మందు మింగినా, ఒంటిమీద పడినా మొదట ఏం చేయాలి?

బట్టలు విప్పి సబ్బుతో కడగండి, 108కి ఫోన్ చేయండి. మీ అంతట మీరు వాంతి చేయించవద్దు. మనిషితో పాటు డబ్బానూ కరపత్రాన్నీ ఆసుపత్రికి తీసుకుపోండి. మోనోక్రోటోఫాస్ లాంటి వాటికి అట్రోపిన్ ఇస్తారు, పారాక్వాట్‌కు అది పనికిరాదు. అందుకే డాక్టరుకు మందు పేరు తెలియడం ముఖ్యం. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం (1800 116 117) సలహా ఇస్తుంది.

ఖాళీ డబ్బాలు?

మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పిచికారీ పంపులోనే పోసి, తిరిగి వాడటానికి వీల్లేకుండా పగలగొట్టాలి. నివాసాలకు దూరంగా పూడ్చాలని నియమం. తాగునీళ్లకు, నూనెకు మాత్రం వాడకండి.

ఎవరికి ఫిర్యాదు చేయాలి?

పురుగుమందైతే మండల వ్యవసాయ అధికారికి. నమూనా తీసి పరీక్షకు పంపే అధికారం ఆయనకుంది. నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. రెండుచోట్లా మొదట అడిగేది బిల్లు. బిల్లివ్వడం దుకాణదారు బాధ్యత, కాబట్టి అడిగి తీసుకుని పంట ఇల్లు చేరేదాకా దాచండి. ఫిర్యాదు కాగితం మీదే ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి.