సత్యమేవ జయతే: రాజముద్రపై ఉపనిషద్వాక్యము

మన దేశపు రాజముద్రయందు సారనాథ్ అశోకస్తంభ శిరస్సుననున్న సింహములును, వాని దిగువ ‘సత్యమేవ జయతే’ అను వాక్యమును కలవు. 1950 జనవరి 26వ తేదీన ఈ ముద్ర స్వీకరింపబడినది. 2014లో స్వీకరించిన తెలంగాణ రాష్ట్ర చిహ్నమునందును కాకతీయ తోరణము, చార్మినారులతోపాటు ఈ వాక్యము చేర్చబడినది. సింహములు బౌద్ధక్షేత్రమునుండి వచ్చినవి. వాక్యము అథర్వవేదమునకు చెందిన ముండకోపనిషత్తులోనిది. అన్ని మతములను సమముగా చూడవలసిన ప్రభుత్వమునకు ఉపనిషద్వాక్యము తగునా అని కొందరు ప్రశ్నింతురు. అది మన సొత్తు కనుక అందరును తలవంచవలసినదే అని మరికొందరందురు. ఈ రెండు మాటలను విచారింతము.

ముండకము అంగిరసుడు శౌనకునకు ఉపదేశించిన విద్య. మూడవ ముండకము మొదటి ఖండములోని ఆరవ మంత్రమున ఈ వాక్యము వచ్చును. జయించునది సత్యమే గాని అసత్యము కాదనియు, దేవయానమార్గము సత్యముచేతనే ఏర్పడినదనియు, కోరికలు తీరిన ఋషులు ఆ మార్గమున సత్యమునకు పరమనిధానమగు స్థానమును చేరుదురనియు ఆ మంత్రతాత్పర్యము. ఇచట జయమనగా ఒకరిపై మరొకరి గెలుపు కాదు, గమ్యమును చేరుట. దీనిని పొరుగువానిపై ఎత్తు జెండాగా వాడువాడు మంత్రమును పట్టుకొని అర్థమును విడిచినవాడగును.

శ్రీవిష్ణుసహస్రనామమున ‘సత్యః’ అను నామము మూడుమార్లు వచ్చును. కావున వైష్ణవునకు ఈ వాక్యము భగవత్స్మరణమే. అయినను వాక్యమున ఏ దేవతానామమును లేదు. అన్యమతస్థుడును, దేవుని నమ్మనివాడును దీనిని నీతిగా స్వీకరింపవచ్చును. అమెరికా దేశము 1956లో దేవునియందు తన నమ్మకమును తెలుపు మాటను జాతీయవాక్యముగా శాసనము చేసికొన్నది. ఆ వాక్యము విశ్వాసమును ప్రకటించును. మన వాక్యము నడతను శాసించును.

ఈ భేదమును మన రాజ్యాంగకర్తలు ఎరుగుదురు. 1949 అక్టోబరు 17న రాజ్యాంగసభలో హెచ్.వి. కామత్ గారు రాజ్యాంగపీఠిక దేవుని పేరుతో ఆరంభము కావలెనని సవరణ ప్రతిపాదించిరి. విశ్వాసవిషయమున ఇది నిర్బంధమగునని పట్టం థాను పిళ్లై గారు ఆక్షేపించిరి. దేవునిపై ఓటు వేయవలసిన సంకటము తమకు కలిగింపవద్దని పూర్ణిమా బెనర్జీ గారు వేడుకొనిరి. సవరణకు అనుకూలముగా 41, ప్రతికూలముగా 68 ఓట్లు వచ్చినవి. అయినను ఆస్తికుని గొంతు నొక్కబడలేదు. పదవీప్రమాణమును దైవసాక్షిగా చేయుటకును, దేవుని పేరెత్తక దృఢముగా ప్రకటించుటకును రాజ్యాంగము తావిచ్చినది. ఎట్లు పలికినను ఆడినమాట నిలుపుకొనవలసినదే.

వాక్యము నడతను శాసించునదైనచో, దాని నిజస్థానము ముద్రపై మాత్రమే కాదు. ఆ ముద్ర క్రింద జరుగు పనియందును ఉండవలెను. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిదై, 2016 నుండి మంచిర్యాల జిల్లాకు చెందిన శ్రీరాంపూర్ ఇందుకు తగిన ఉదాహరణము. అచట బొగ్గు త్రవ్వు సింగరేణి సంస్థలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు రెంటికిని భాగము కలదు. భూగర్భగనిలో కార్మికులు పనిలో దిగుటకు ముందు బాధ్యతగల ఉద్యోగి విషవాయువులున్నవేమో, పైకప్పు దృఢముగా ఉన్నదో లేదో పరీక్షించి, చూచినది వ్రాసి సంతకము చేయవలెను. చూడకయే చూచితినని వ్రాసినచో దిగువనున్నవారి ప్రాణములకే ముప్పు. కూలు పైకప్పు ఎవని మతమును అడుగదు. సత్యము ఎల్లరి సొత్తనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఆ మంచిర్యాల జిల్లాలోనే గూడెము గుట్టపై శ్రీ సత్యనారాయణస్వామి వెలసియున్నాడు. ఆ స్వామి వ్రతకథలోని వర్తకుని తలచుకొనుడు. సంతానము కలిగిన వ్రతము చేసెదనని మ్రొక్కి, కూతురి పెండ్లినాటికి వాయిదా వేసి, పిదప మరచెను. ఓడలో ధనముంచుకొని ఆకులు, తీగెలు మాత్రమే యున్నవని సన్న్యాసి రూపముననున్న స్వామితోనే బొంకెను, బొంకినట్లే అయ్యెను. ఈ వర్తకుడు స్వామిని ఎరుగనివాడు కాడు. మ్రొక్కి మాట తప్పినవాడు.

కనుక ఈ వాక్యము ప్రజాజీవనమున ఉండదగినదే. అయితే అది మొదట బంధించునది దానిని నమ్మినవానినే. గుట్టనెక్కి వ్రతము చేసికొని, మరునాడు అదే ముద్రగల కాగితమునకై అబద్ధపు ఆదాయము వ్రాయించుకొన్న భక్తుడు వేదవాక్కును తానే అవమానించినవాడగును. దానిని గౌరవింపుమని ఇతరులను నిర్బంధించుటకు ముందు మన సంతకములు, మన తూకములు, మన సాక్ష్యములు సత్యములుగా నుండవలెను. అట్టి గృహస్థును చూచినవారికి ఆ వాక్యమును ఏల నిలుపుకొంటిమో వేరుగా బోధింప నక్కరలేదు.

సత్యస్వరూపుడగు శ్రీమన్నారాయణుడు మనకు సత్యమునందు నిష్ఠను ప్రసాదించుగాక!