విమానమునకు అగ్నిపరీక్ష

2024వ సంవత్సరము జనవరి 2వ తేదీ సాయంకాలమున టోక్యో నగరమందలి హనేడా విమానాశ్రయములో ఘోర ప్రమాదము సంభవించెను. 379 మందితో దిగుచున్న ఎయిర్‌బస్ ఏ350 విమానము, భూకంప బాధితులకు సామగ్రి గొనిపోవనున్న తీరరక్షక దళ విమానమును ఢీకొనెను. ఆ చిన్న విమానమునందలి ఆరుగురిలో ఐదుగురు మరణించిరి. పెద్ద విమానము మంటలతోనే కొంత దూరము పోయి ఆగెను. దాని ఎనిమిది ద్వారములలో మూడు మాత్రమే ఉపయోగపడెను. అయినను సుమారు 18 నిమిషములలో 379 మందియు ప్రాణములతో బయటపడిరి. పిమ్మట విమానము దాదాపు పూర్తిగా కాలిపోయెను.

ఈ విమానపు బరువులో సగమునకు పైగా సంయుక్త పదార్థములే. పూర్వపు విమానముల దేహము ముఖ్యముగా అల్యూమినియముతో నిర్మింపబడెడిది. అల్యూమినియము 660 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి కరగును. ఇంధనపు మంట అంతకంటె తీవ్రమైనది. సంయుక్త పదార్థము అట్లు కరగదు. మఱి అది నిప్పులో ఏమగును?

పల్లెలలో గోడ పెట్టునపుడు మట్టిలో వరిగడ్డి వేసి తొక్కుదురు. గడ్డి గోడకు పట్టు నిచ్చును; మట్టి గడ్డిని కదలకుండ నిలుపును. సంయుక్త పదార్థము కూడ నట్టిదే. సన్నని కార్బను నారలు బలము నిచ్చును. ఎపాక్సీ యను జిగురు వానిని పట్టి యుంచును. వేడి తగిలినపుడు ముందుగా చెడునది జిగురే. 200 డిగ్రీల ప్రాంతమున అది మెత్తబడును. 300, 400 డిగ్రీల నడుమ విచ్ఛిన్నమై వాయువులుగా మారును. ఆ వాయువులు మండి నిప్పును పెంచును. కాని వెలువడునపుడు కొంత వేడిని తమతో తీసికొనిపోవును. మిగిలిన బొగ్గుపొర లోపలి పొరలకు కవచమగును. ఇట్లు కీడులోనే కొంత మేలు కలదు. అయితే జిగురు పోయిన పొరలు విడివడి బరువు మోయు శక్తిని కోల్పోవును. మంట ఇంకను సాగినచో నారలు సైతము కాలిపోవును.

దీనిని తెలిసికొనుటకు పలకను నిజముగా కాల్చి చూచుట ఒక మార్గము. ఇంజను ప్రక్క నుండు భాగములను సుమారు 1,100 డిగ్రీల మంటలో పరీక్షింతురు. 5 నిమిషములు ఓర్చునది ఒక తరగతి; 15 నిమిషములు ఓర్చునది మేలు తరగతి. కాని ప్రతి భాగమును అన్ని విధముల కాల్చి చూచుట అసాధ్యము. అందుచేత శాస్త్రజ్ఞులు కంప్యూటరు నాశ్రయించిరి.

వారు పలకను కాగితపు దొంతర వలె పలుచని పొరలుగా భావింతురు. కాలమును అల్ప క్షణములుగా విభజింతురు. ప్రతి క్షణమున ప్రతి పొరకును మూడు ప్రశ్నలు: ఎంత వేడి చేరెను? ఎంత జిగురు వాయువయ్యెను? ఎంత బలము మిగిలెను? వేడిమి పెరిగిన కొలది రసాయనిక చర్య ఎంత వేగమగునో తెలుపు సూత్రమును స్వీడను దేశీయుడగు ఆర్హీనియస్ 1889లో వివరించెను. ఈ లెక్కలకు అదియే ఆధారము. ఒక పొరకు వచ్చిన జవాబు ప్రక్క పొర లెక్కకు మొదలగును.

విత్తు ఒకటి వేసిన చెట్టొకటి మొలవదు. కంప్యూటరుకు తప్పు అంకె నిచ్చినచో తప్పు ఫలితమే వచ్చును. కావున లెక్క చెప్పినదానిని నిజముగా కాలిన పలకతో సరిచూచిన పిమ్మటనే విశ్వసింతురు. ఈ శ్రమ యంతయు కొద్ది నిమిషముల కొఱకే. ఆ కొద్ది నిమిషములలోనే పసిబిడ్డను ఎత్తుకొన్న తల్లియు, వడిగా నడువలేని వృద్ధుడును ద్వారము చేరవలసి యున్నది.