లారీకి రెండు ఏరియళ్లు ఎందులకు?

అమెరికా దేశపు పెద్ద లారీల చిత్రములను చూచినపుడు డ్రైవరు గదికి ఇరుప్రక్కల, అద్దముల చెంత, కొరడాలవలె నిలిచిన రెండు సన్నని కమ్ములు మనకు తరచుగా కనబడును. అవి రేడియో ఏరియళ్లు. ఇంటి రేడియోవలె వినుటకు మాత్రమే గాక, తిరిగి బదులు పలుకుటకును డ్రైవర్లు వీనిని వాడుదురు. 1958లో ఆ దేశ ప్రభుత్వము 27 మెగాహెర్ట్జుల ప్రాంతమున కొన్ని మార్గములను సామాన్య ప్రజల సంభాషణకై కేటాయించెను. 1977 నుండి అట్టి మార్గములు 40. వానిలో తొమ్మిదవది ఆపదలో నున్నవారికి ప్రత్యేకింపబడినది. 1973లో చమురు కరవు వచ్చి, ఎచట పెట్రోలు దొరకునో ఒకరినొకరు అడుగవలసి వచ్చినపుడు ఈ రేడియో లారీవారిలో మిక్కిలి వ్యాపించెను.

సాధారణ పద్ధతిలో ఈ రేడియో పంపదగిన శక్తి 4 వాట్లు మాత్రమే. అంత స్వల్పశక్తి పొలములమీదికి వృథాగా పోక రోడ్డు పొడవుననే పోయిన ఎంత మేలు! రెండు ఏరియళ్లు సరిగా ఈ పనియే చేయునని పలువురి నమ్మకము. అది ఎంతవరకు నిజమో మనము లెక్కవేసి చూతము.

నిశ్చలముగా నున్న చెరువులో రెండు రాళ్లను ఒకేసారి, కొంత యెడముగా వేసినచో రెండు వలయములును వ్యాపించి కలిసికొనును. శృంగముపై శృంగము పడిన చోట అల పెరుగును. శృంగము ద్రోణిపై పడిన చోట నీరు కదలదు. ఇదియే వ్యతికరణము. మన పాఠములలో దీనిని కాంతికి చెప్పి విడిచిపెట్టుదురు గాని, రేడియో తరంగములకును ఇదే న్యాయము.

రేడియో తరంగము సెకనుకు 3,00,000 కిలోమీటర్లు పోవును. దానిని 27 మెగాహెర్ట్జులచే భాగించినచో తరంగ దైర్ఘ్యము సుమారు 11 మీటర్లని తేలును. లారీ అద్దముల నడుమ దూరము సుమారు 2¾ మీటర్లనుకొందము. అనగా తరంగములో సరిగా నాలుగవ వంతు. రెండు కమ్ములకును శక్తి ఒకే క్షణమున ఒకే దశలో అందుచున్నచో, లారీ ముందు నిలిచినవానికి రెండును సమాన దూరమున నున్నవి గనుక తరంగములు పూర్తిగా కలియును: 1+1=2. ప్రక్కన నిలిచినవానికి ఒక తరంగము పావు తరంగము వెనుకబడి, అనగా 90 డిగ్రీల తేడాతో చేరును. లంబకోణ త్రిభుజమును గీచి చూడుడు. భుజములు 1, 1 అయినచో కర్ణము 1.41. శక్తి దీని వర్గము గనుక ముందు 4, ప్రక్కన 2. కాబట్టి ప్రక్కలకు సగము తగ్గును గాని నశింపదు. పూర్తిగా నశించుటకు కమ్ముల నడుమ అర తరంగము, అనగా 5½ మీటర్లు ఉండవలెను. అంత వెడల్పుగల లారీ ఏ రోడ్డుమీద నడువగలదు?

ఇక లాభమన్ననో, ఉన్న 4 వాట్లనే రెండు కమ్ములును పంచుకొనవలెను. ఒకదాని ప్రభావము రెండవదానిపై పడుటయు లెక్కలోనికి తీసికొనినచో, ఒంటి ఏరియలు కంటె ముందు వెనుకలకు శక్తి సుమారు 1¼ రెట్లగును. మైళ్లలో కొలిచిన అది స్వల్పమే. చిన్న కారుకు 1¼ మీటర్ల యెడముగా రెండు కమ్ములు పెట్టినచో తరంగముల తేడా సుమారు 41 డిగ్రీలే. ప్రక్కల శక్తి ముందుదానిలో నూటికి 88 వంతు లుండును. అట్టివి అలంకారమునకే పనికివచ్చునని మా అభిప్రాయము.

అయినను లారీకి రెండవ కమ్మి వ్యర్థము కాదు. వెనుకనున్న ఎత్తైన ఇనుప పెట్టె ఒంటి కమ్మికి ఒక ప్రక్క నీడవలె అడ్డుపడును. ఇరుప్రక్కలనున్నచో ఒకదాని నీడను రెండవది పూరించును. వాస్తవమున ఇదియే ప్రధాన ప్రయోజనమని చెప్పవచ్చును.

తీగల విషయమున జాగ్రత్త వలయును. ఒక్కొక్క ఏరియలు 50 ఓములు. రెంటిని నేరుగా కలిపినచో 25 ఓములై, 50 ఓములకు తయారైన రేడియోతో పొసగదు. అందుచేత 75 ఓముల తీగను ముప్పావు తరంగము పొడవున వాడుదురు. అట్టి తీగ 50 ఓములను 75×75÷50, అనగా 112½ ఓములుగా మార్చి చూపును. రెండు కలియగా 56 ఓములు, ఇది సరిపోవును. తీగలో తరంగము బయటికంటె నెమ్మదిగా, సాధారణముగా మూడింట రెండు వంతుల వేగముతో పోవును గనుక ఆ పొడవు సుమారు 5½ మీటర్లు. లారీలో అంత తీగ అక్కరలేదు. మిగిలినది చుట్టగా పడియుండును. ఆ చుట్టను చూచి, వ్యర్థమని ఎడమ తీగను ఒక్కదానినే 90 సెంటీమీటర్లు కత్తిరించితిరా, ఎడమ కమ్మి సుమారు 45 డిగ్రీలు ముందుగా పలుకును. అప్పుడు ముందునకును కుడికిని ఒకే బలముతో పోవు తరంగము, ఎడమకు వానిలో ఆరవ వంతు శక్తితో మాత్రమే పోవును. ఎడమ వంపులో ఆగిపోయిన బండి డ్రైవరు తొమ్మిదవ మార్గమున పిలిచినను ఆ లారీ బదులు అతనికి వినబడకపోవచ్చును.